‘నమ్మ’ నుంచి ‘మన’ దాకా: హైదరాబాద్‌లో ఓపెన్ సోర్స్ సవారీ యాప్ చరిత్ర – మియాపూర్ నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వాణిజ్య క్యాబ్ యాప్‌లకు ప్రత్యామ్నాయంగా ఓపెన్ సోర్స్ పద్ధతిలో రూపొందిన యాప్ 2022లో బెంగళూరులో ‘నమ్మ యాత్రి’గా, 2024లో హైదరాబాద్‌లో ‘మన యాత్రి’గా వచ్చింది. రెండింటికీ కోడ్ ఒకటే. అవి అడుగుపెట్టిన పరిస్థితులు మాత్రం ఒకటి కావు. ఆ తేడా సాఫ్ట్‌వేర్‌లో లేదని, కిరాయి నిర్ణయంలో, డ్రైవర్ల సంఘాల స్థానంలో, చట్టం ఇచ్చే నిర్వచనాలలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఓపెన్ సోర్స్, మన యాత్రి, బెకన్, షేర్ ఆటో, అడ్డా, గిగ్ కార్మికులు, మియాపూర్.

మెట్రో ఆగిన చోటు

2017 నవంబరు 28న ప్రధాని నరేంద్ర మోదీ మియాపూర్‌లో హైదరాబాద్ మెట్రోను ప్రారంభించారు. నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ వరకు సాగిన ఆ తొలి మార్గం నగరపు వాయవ్య దిశకు రైలును తెచ్చింది. కానీ మియాపూర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అది సగం ప్రయాణమే. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలో, రాయదుర్గానికి అదే ఏడాది నవంబరులో మరో మార్గం అందుబాటులోకి వచ్చింది. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్ళాలంటే ముందు తూర్పుగా అమీర్‌పేటకు వెళ్ళి, అక్కడ రైలు మారి, మళ్ళీ పడమటికి రావాలి. రోడ్డు మీద ఆ దూరం పది కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆల్విన్ చౌరస్తా, హఫీజ్‌పేట, కొత్తగూడ మీదుగా సాగే ఆ దారిలో ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు, క్యాబులు, బైక్ టాక్సీలు ఆ లోటును పూరిస్తున్నాయి.

ఆల్విన్ చౌరస్తా పేరు కూడా రవాణా చరిత్రలోదే. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ ఒకప్పుడు బస్సుల బాడీలు కట్టింది. అంతకు పదేళ్ళ ముందు, 1932లో, నిజాం ప్రభుత్వ రైల్వే విభాగం 27 బస్సులతో రోడ్డు రవాణా నడపసాగింది. అంటే ఈ నగరంలో మోటారు రవాణా మొదట ప్రభుత్వ వ్యవస్థగా ఎదిగింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పెరిగిన కొత్త నగరానికి ఆ వ్యవస్థ చాలలేదు. చాలనిచోట ఎవరు నియమాలు పెట్టారన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

అడ్డా నియమాలు

‘రైడ్‌షేరింగ్’ అన్న మాటతో ఒక చిక్కు ఉంది. ఒక్క ప్రయాణికుడి కోసం ఒక్క బండిని పిలవటంలో పంచుకోవటం ఏమీ లేదు. నిజంగా పంచుకొనే ప్రయాణం షేర్ ఆటోది. దానికి తెలుగువారు పెట్టుకొన్న పేరులోనే ఆ సంగతి ఉంది. యాప్ ద్వారా బండి పిలవటానికి ‘కిరాయికి మాట్లాడుకోవటం’ అన్న పాత మాటే సరిపోతుంది. అందుకే శీర్షికలో ‘సవారీ’ అన్నాను.

షేర్ ఆటో అడ్డాకు రాయని నియమావళి ఉంటుంది. వరుసలో ముందున్న బండి ముందు నిండుతుంది. నిండాక కదులుతుంది. సీటుకు ఇంత అని దూరాన్ని బట్టి ధర ఉంటుంది, ఆ ధర ఎక్కేవారికీ ఎక్కించుకొనేవారికీ ముందే తెలుసు. వరుస తప్పిన డ్రైవరును తోటి డ్రైవర్లే నిలదీస్తారు. ఈ పద్ధతిని ఆదర్శంగా చూపటం నా ఉద్దేశం కాదు. పరిమితికి మించి ఎక్కించుకోవటం, కొత్త డ్రైవరును అడ్డాలో చేరనీయకపోవటం, రాత్రివేళ స్త్రీలకు భద్రత కరవవటం దాని లోపాలు. యాప్‌లు అంత త్వరగా జనాదరణ పొందటానికి ఈ లోపాలే దారి వేశాయి. అయినా అడ్డా నియమానికి ఒక గుణం ఉంది. అది అక్కడ నిలబడినవారందరి కంటికీ కనిపిస్తుంది. గిరాకి ఎవరికి ఎందుకు వెళ్ళిందో అడిగే హక్కు, అడిగితే జవాబు దొరికే వీలు ఉంటాయి.

‘గిరాకి’ అన్న మాటను ఇక్కడ గమనించాలి. హైదరాబాద్ ఆటో డ్రైవరు భాషలో బండి ఎక్కే మనిషీ గిరాకే, బజారులో ఉండే డిమాండూ గిరాకే. ఈ రెండర్థాలనూ ఒకే తెరమీద కలిపి, ఎక్కే మనిషికి డిమాండును బట్టి ధర కట్టటమే యాప్ చేసిన పని.

కనపడని వరుస

ఉబర్ 2009లో అమెరికాలో, ఓలా 2010లో భారతదేశంలో పుట్టాయి. ఉబర్ 2013లో బెంగళూరుతో ఈ దేశంలో అడుగుపెట్టింది. తొలినాళ్ళలో డ్రైవర్లకు ప్రోత్సాహకాలు, ప్రయాణికులకు రాయితీలు కుప్పలుగా ఇచ్చిన ఈ సంస్థలు క్రమంగా రెండింటినీ తగ్గించాయి. అప్పులు చేసి కార్లు కొన్న డ్రైవర్లు వాయిదాలు కట్టలేని స్థితికి వచ్చారు. 2016 డిసెంబరు చివర, 2017 జనవరి మొదట్లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు సమ్మె చేశారు. ఆ దశాబ్దంలో నగరం చూసిన యాప్ డ్రైవర్ల ఆందోళనలలో అది ముఖ్యమైనది.

ఆ ఆందోళనలలో కమీషన్ తగ్గించాలన్న కోరికతో పాటు మరొక ఫిర్యాదు వినపడుతుంది. దగ్గరలో ఉన్న బండిని వదిలి దూరపు బండికి గిరాకి ఎందుకు వెళ్ళింది? రేటింగ్ ఎందుకు పడిపోయింది? ఐడీ ఎందుకు ఆగిపోయింది? అడ్డాలో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన మనుషులు ఎదురుగా ఉంటారు. యాప్‌లో ఉండరు. 2020 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలనీ, రద్దీవేళ ధర మూల ధరకు ఒకటిన్నర రెట్లు మించరాదనీ అన్నాయి. ధర గురించి అవి స్పష్టంగా మాట్లాడాయి. గిరాకి పంపకంలోని నిర్ణయం కనపడనిదిగానే మిగిలింది.

ఆ నిర్ణయాన్ని చూపమని కోర్టుకెక్కిన డ్రైవర్లు ఐరోపాలో ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ అప్పీలు న్యాయస్థానం ఉబర్, ఓలా సంస్థలు యంత్రం ద్వారా తీసుకొనే నిర్ణయాల వివరాలను డ్రైవర్లకు చెప్పాలని తీర్పు ఇచ్చింది. ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయానికి చారిత్రక ప్రాధాన్యం ఇక్కడే ఉంది. న్యాయస్థానం ఆజ్ఞాపిస్తే తప్ప బయటికి రాని నియమాన్ని, ఆ పద్ధతి మొదటినుంచే బయట పెడుతుంది.

స్వేచ్ఛ, ఉచితం

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పటినుంచి ఇంగ్లీషులో ఒక సందిగ్ధత వెంటాడింది. ‘ఫ్రీ’ అంటే డబ్బు తీసుకోనిదా, కట్టుబాటు లేనిదా అని. తెలుగుకు ఆ బాధ లేదు. ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. హైదరాబాద్‌లో 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ‘స్వేచ్ఛ’ అన్న మాటనే పేరుగా తీసుకొంది. తెలుగులో కంప్యూటరు వాడుకకు ఆ సంస్థ చేసిన కృషి ప్రత్యేక అధ్యయనానికి తగినది. డ్రైవరుకు కమీషన్ లేకపోవటం ఉచితానికి సంబంధించిన విషయం. గిరాకి పంపకపు నియమాన్ని చూడగలగటం, మార్చగలగటం స్వేచ్ఛకు సంబంధించిన విషయం. ఈ రెండూ ఒకటేనన్న భావన యాప్‌ల ప్రచారంలో తరచు కనిపిస్తుంది.

క్యాబ్ రంగంలో తొలి ఓపెన్ సోర్స్ ప్రయత్నాలు 2016 ప్రాంతంలో వచ్చాయి. లిబ్రెటాక్సీ అన్నది టెలిగ్రామ్‌లో నడిచే చిన్న కార్యక్రమం. ప్రయాణికుడు, డ్రైవరు నేరుగా ధర మాట్లాడుకొంటారు, మధ్యవర్తికి ఏమీ చెల్లించరు. దానికి సర్వర్ల బరువు తక్కువ, భద్రత కూడా తక్కువే. టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరపు అనుభవం ఇంతకన్నా లోతైనది. డ్రైవర్ల వేలిముద్రల తనిఖీ విషయంలో 2016 మేలో ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిన ఉబర్, లిఫ్ట్ నగరం వదిలి వెళ్ళిపోయాయి. కొద్దివారాలకే రైడ్ ఆస్టిన్ అనే లాభాపేక్ష లేని సంస్థ యాప్ తెచ్చింది. ఏడాది బాగానే నడిచింది. 2017 మేలో టెక్సాస్ రాష్ట్ర శాసనం నగరం పెట్టిన నియమాలను రద్దు చేయగానే పెద్ద సంస్థలు తిరిగొచ్చాయి, 2020లో రైడ్ ఆస్టిన్ మూతపడింది. యాప్ చెడిపోలేదు. దానికి చోటిచ్చిన నగర నిబంధన పోయింది.

బెంగళూరు నమూనా

మన దేశంలో ఈ మార్గానికి బెకన్ అనే సమాచార నియమావళి పునాది అయింది. నందన్ నీలేకని, ప్రమోద్ వర్మ, సుజిత్ నాయర్‌ల ప్రోత్సాహంతో ఇది రూపుదిద్దుకొంది. దీని ఆలోచనను ఈమెయిల్‌తో పోల్చి చెప్పవచ్చు. ఒక సంస్థ ఖాతా ఉన్నవారు మరొక సంస్థ ఖాతాకు ఉత్తరం పంపగలిగినట్టే, ప్రయాణికుడి చేతిలో ఒక యాప్, డ్రైవరు చేతిలో వేరొక సంస్థ యాప్ ఉన్నా బండి కుదరాలి. వెతకటం, ఎంచుకోవటం, ఖాయం చేయటం, జాడ చూడటం, రద్దు చేయటం అన్న అంచెలకు ఉమ్మడి సందేశాల రూపం ఒకటి ఉంటుంది. 2021లో కొచ్చిలో బహిరంగ రవాణా నెట్‌వర్క్ పేరిట దీన్ని పరీక్షించారు. అదే ఏడాది చివర కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహంతో ఓఎన్‌డీసీ ఏర్పడింది.

2022 నవంబరులో బెంగళూరులో నమ్మ యాత్రి వచ్చింది. చెల్లింపుల సాఫ్ట్‌వేర్ చేసే జస్‌పే సంస్థ, నగరంలోని ఆటోరిక్షా డ్రైవర్స్ యూనియన్ కలిసి దాన్ని తెచ్చాయి. సమయం ముఖ్యమైనది. అంతకు ముందు నెలలోనే కర్ణాటక రవాణా శాఖ ఓలా, ఉబర్‌ల ఆటో సేవలు చట్టవిరుద్ధమని ప్రకటించింది. ధరల మీద జనాగ్రహం ఉంది. నగరంలో ప్రభుత్వం 2021 డిసెంబరులోనే సవరించిన ఆటో ధర అప్పట్లో ఉండేది: మొదటి రెండు కిలోమీటర్లకు 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 15. యాప్ కొత్తగా ధరను కనిపెట్టవలసిన అవసరం రాలేదు. ప్రభుత్వ ధర మీద కొద్దిపాటి అదనం చేర్చి అదే చూపింది. కమీషన్ లేదు. 2023లో డ్రైవరుకు రోజుకు 25 రూపాయల చందా, లేదా ట్రిప్పుకు మూడున్నర రూపాయల పద్ధతి పెట్టారు.

దీని కోడ్ గిట్‌హబ్‌లో ఎవరైనా చదవవచ్చు. సర్వరు భాగం ప్రధానంగా హాస్కెల్ భాషలో ఉంది. లైసెన్సు అఫెరో జీపీఎల్. మామూలు జీపీఎల్ ప్రకారం, సాఫ్ట్‌వేర్‌ను మార్చుకొని తన సర్వరులో మాత్రమే నడిపేవారు ఆ మార్పులను బయటపెట్టనక్కరలేదు. 2007 నాటి అఫెరో మూడవ రూపం ఆ సందును మూసింది. నెట్‌వర్క్ మీద సేవ అందించేవారు కూడా తాము మార్చిన కోడ్‌ను వాడుకరులకు ఇవ్వాలి. క్యాబ్ యాప్ వంటి సేవకు ఇది సరిగ్గా తగిన ఎంపిక అని నా అభిప్రాయం. రోజువారీ ట్రిప్పుల లెక్కలను అందరూ చూసేలా ప్రకటించటం మరొక మంచి అలవాటు.

హైదరాబాద్‌కు ఏది వచ్చింది?

2024 ఫిబ్రవరిలో టీ-హబ్‌లో మన యాత్రి ప్రారంభమైంది. మియాపూర్ దారిన నడిచే డ్రైవరు దృష్టితో చూస్తే ఆ కాలం సామాన్యమైనది కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మహాలక్ష్మి పథకంగా మొదలైంది. ఆ పథకం శ్రామిక స్త్రీలకు చేసిన మేలును తక్కువ చేయలేం. దాని బరువు షేర్ ఆటోల మీద పడిందన్నదీ నిజం. గిరాకి తగ్గిందని ఆటో సంఘాలు రోడ్డెక్కాయి. సీటు లెక్కన నడిచే బండి నిండకపోతే ఒంటరి కిరాయి వైపు, అంటే యాప్‌ల వైపు మళ్ళుతుంది. ఆ సమయంలో కమీషన్ లేని యాప్ రావటం డ్రైవరుకు ఊరట.

కానీ బెంగళూరు నుంచి బయలుదేరినవన్నీ హైదరాబాద్ చేరలేదు. కోడ్ చేరింది. తెలుగు తెరలు చేరాయి. ప్రభుత్వ ధర మాత్రం ఇక్కడ ఆధారంగా నిలవలేదు. హైదరాబాద్ ఆటో మీటరు ధర 2014లో సవరించినది: మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. పదేళ్ళ తరువాత యాప్ వచ్చేనాటికి ఆ ధరకు బండి నడిపేవారు లేరు, అడిగేవారూ లేరు. మీటరు బండిలో ఉంటుంది, బేరం నోటితో జరుగుతుంది. బెంగళూరులో యాప్‌కు ప్రభుత్వం కట్టిన ధర ఉమ్మడి ప్రమాణంగా దొరికింది. హైదరాబాద్‌లో ఆ ప్రమాణం కాగితం మీదే ఉండటంతో, ధర కట్టే పని మళ్ళీ యాప్ చేతికే వచ్చింది. కోడ్ బహిరంగంగా ఉన్నా, ఏ అంకె పెట్టాలన్నది కోడ్‌లో లేని నిర్ణయం. నా దృష్టిలో రెండు నగరాల మధ్య అతిముఖ్యమైన తేడా ఇదే.

సంఘాల సంగతి దీనికి తోడు. బెంగళూరు యాప్ పుట్టుకలో డ్రైవర్ల యూనియన్ భాగస్వామి. హైదరాబాద్‌లో బలమైన సంఘం లేదనలేం. షేక్ సలావుద్దీన్ నాయకత్వంలోని తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ దేశంలో ఈ రంగపు ప్రముఖ గొంతులలో ఒకటి. ఆయన ముఖ్యపాత్ర వహించే యాప్ రవాణా కార్మికుల సమాఖ్య 2021లో సామాజిక భద్రత కోసం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఈ నగరపు సంఘం తన బలాన్ని న్యాయస్థానం మీదా, శాసనం మీదా పెట్టింది. యాప్ వేరే ఊళ్ళో తయారై టీ-హబ్ ద్వారా వచ్చింది. ఈ రెండు ప్రవాహాలు ఒకే నగరంలో పక్కపక్కన పారాయి. ఉబర్‌కు పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉన్నదీ ఈ నగరంలోనే. కోడ్ చదవగలవారు ఇంతమంది ఉన్న చోట, తమ యాప్ కోడ్‌ను చదివించుకోగల డ్రైవరు లేకపోవటం సాంకేతిక లోపం కాదు.

పేరు చెప్పే సంగతి

తెలుగు పరిశోధకులకు ఆసక్తి కలిగించే అంశం పేర్లలో ఉంది. కన్నడ ‘నమ్మ’కు తెలుగులో రెండు మాటలు ఉన్నాయి: ‘మా’, ‘మన’. వినేవారిని కలుపుకొంటే ‘మన’, మినహాయిస్తే ‘మా’. ప్రాచీన కన్నడంలో ఉండిన ఈ భేదం ఆధునిక కన్నడంలో లేదు. అందువల్ల ‘నమ్మ’లో ఎవరున్నారన్నది బెంగళూరు తేల్చనక్కరలేకపోయింది. తెలుగులో ఎంచుకోక తప్పలేదు. డ్రైవర్లే మాట్లాడుతున్నట్టయితే ‘మా’ అయ్యేది. ‘మన’ అనటంతో ప్రయాణికుడు, డ్రైవరు, సంస్థ, నగరం ఒకే గుంపులో చేరాయి. వ్యాపారపరంగా అది తెలివైన ఎంపిక. చరిత్ర దృష్టితో చూస్తే, డ్రైవర్ల సంఘం పేరుతో పుట్టిన వస్తువు ఎవరి పేరూ ప్రత్యేకంగా చెప్పని వస్తువుగా మారిన సంగతి ఆ ఒక్క అక్షరంలో ఉంది.

‘యాత్రి’ కూడా అంతే. తెలుగులో యాత్ర అనగానే కాశీ, తిరుపతి గుర్తొస్తాయి. కొండాపూర్‌కు డ్యూటీకి వెళ్ళటాన్ని యాత్ర అనము. పైగా ఆ మాట ప్రయాణికుడిని చెబుతుంది. డ్రైవరు కోసమని వచ్చిన యాప్ పేరులో డ్రైవరు లేడు. డ్రైవరు వాడే యాప్‌లో అతడిని ‘పార్ట్‌నర్’ అంటారు, వాణిజ్య సంస్థలు అన్నట్టే. భాగస్వామి అన్న మాటకు తెలుగు వ్యవహారంలో లాభనష్టాలలో వాటా, లెక్క చూసే హక్కు అన్న అర్థాలు ఉన్నాయి.

కమీషన్ పోయాక

ఓపెన్ సోర్స్ యాప్ మార్కెట్‌ను కదిపిందనటంలో సందేహం లేదు. రాపిడో 2024లో ఆటోలకు కమీషన్ తీసి చందా పెట్టింది. ఉబర్ 2025 ఫిబ్రవరిలో ఆటోలకు అదే చేసింది. ఓలా 2025 జూన్‌కు దేశమంతటా ఆ పద్ధతికి వచ్చింది. మియాపూర్‌లో నిలిచే ఆటో డ్రైవరు తన జీవితంలో మన యాత్రిని ఒక్కసారి కూడా తెరవకపోయినా, అతడి చెల్లింపు తీరును బెంగళూరులో మొదలైన నమూనా మార్చింది. ప్రత్యామ్నాయం గెలవటమంటే దాని పద్ధతిని ప్రత్యర్థులు అనుకరించటమే అనుకొంటే, ఇది గెలుపే.

అనుకరించినది మాత్రం చందా పద్ధతిని. కోడ్‌ను తెరవటాన్ని ఎవరూ అనుకరించలేదు. 2024లో జస్‌పే నుంచి విడివడి మూవింగ్ టెక్ అన్న సంస్థగా మారిన నమ్మ యాత్రి, అదే ఏడాది జూలైలో 1 కోటి 10 లక్షల డాలర్ల పెట్టుబడి సేకరించింది. పెట్టుబడి పెట్టినవారిలో గూగుల్ ఉంది. ఈ యాప్‌లో దారి చూపే మ్యాపు కూడా గూగుల్‌దే. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటి బహిరంగ పటం ఉన్నా, హఫీజ్‌పేట గల్లీలో ఇంటి నంబరు దాకా చూపగలిగేంత వివరం దానిలో నింపటానికి స్థానికుల శ్రమ కావాలి. సందేశాల నియమావళి, సర్వరు కోడ్ తెరుచుకొన్నాయి. వాటి కిందనున్న నేల, అంటే పటం, మరొకరిది.

ఇంతకన్నా పెద్ద చిక్కు చట్టంలో ఉంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గిగ్ కార్మికుల నమోదు, సామాజిక భద్రత, సంక్షేమాలకు సంబంధించిన ముసాయిదా బిల్లును ప్రకటించింది. ప్రతి లావాదేవీలో కార్మికుడికి చేరే మొత్తంపై 1 నుంచి 2 శాతం సంక్షేమ రుసుమును సంస్థ చెల్లించాలని అందులో ఉంది. యంత్రం తీసుకొనే నిర్ణయాల వివరాలను కార్మికుడికి తెలపాలని కూడా ఉంది. రెండవ నిబంధనను ఓపెన్ సోర్స్ యాప్ చాలావరకు పుట్టుకతోనే నెరవేర్చింది. మొదటిదానితో దానికి పేచీ. ప్రయాణికుడు డబ్బును నేరుగా డ్రైవరు చేతికి ఇస్తాడు, తాము కలిపేవాళ్ళమే తప్ప రవాణా సేవ అమ్మేవాళ్ళం కాము అన్నది ఈ నమూనాకు ఆధారవాదం. 2023లో కర్ణాటకలోని జీఎస్టీ ముందస్తు తీర్పుల సంస్థ జస్‌పే విషయంలో ఆ వాదాన్ని ఆమోదించింది. 2024లో ఉబర్ అదే వాదంతో వస్తే అదే సంస్థ ఒప్పుకోలేదు.

కమీషన్ నుంచి డ్రైవరును విడిపించటానికి చెప్పిన మాట, డ్రైవరు పట్ల బాధ్యత నుంచి సంస్థను విడిపించటానికి కూడా పనికొస్తున్నది. పెద్ద సంస్థలు చందా పద్ధతికి మారటంలో పోటీతో పాటు ఈ లెక్క కూడా ఉందని నేను భావిస్తున్నాను. రోజుకు ఇంత అని చందా కట్టి, కిరాయి మొత్తం చేతికి తీసుకొనే డ్రైవరు విషయంలో ‘లావాదేవీ’ ఎక్కడ జరిగింది, ‘చెల్లించినది’ ఎవరు? 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కేంద్ర సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుడిని, ప్లాట్‌ఫాం కార్మికుడిని, అగ్రిగేటరును నిర్వచించింది. ఆ నిర్వచనాల పరిధిలోకి చందా యాప్‌లు వస్తాయా రావా అన్నది తేలితేనే తెలంగాణ రుసుము మియాపూర్ ఆటోకు వర్తిస్తుందో లేదో తెలుస్తుంది. ఆ వివాదం వచ్చిననాడు ట్రిప్పును ఎవరు కుదిర్చారు, ఏ నియమంతో కుదిర్చారు, ధర ఎవరు నిర్ణయించారు అన్నవాటికి సాక్ష్యం కావాలి. వాణిజ్య యాప్‌లలో అది తాళం వెనుక ఉంటుంది. మన యాత్రి విషయంలో కుదిర్చే నియమం గిట్‌హబ్‌లో తేదీలతో సహా ఉంది. దాన్ని చదివి న్యాయస్థానం ముందు పెట్టగల పని ఇప్పటివరకు సంఘాల చేతిలోనూ లేదు, విశ్వవిద్యాలయాల చేతిలోనూ లేదు.